పడని తిండి, పడదనుకున్న తిండి

మన ఇళ్లలో తిండి గురించిన భయాలు తక్కువేమీ కాదు. పిల్లాడికి జలుబు చేస్తే పెరుగు మానిపిస్తాం. కాలికి దెబ్బ తగిలితే వంకాయ, గోంగూర దగ్గరికి రానివ్వం. ఒంటి మీద నాలుగు దద్దుర్లు లేస్తే గుడ్డు, చేప, పల్లీలు అన్నీ ఒక్కసారే ఆపేస్తాం. అదే ఇంట్లో, రొయ్యలు తిన్నప్పుడల్లా పెదవులు వాచే మనిషిని మాత్రం "ఒక్క ముక్కకి ఏమవుతుంది, వేసుకో" అని కూర్చోబెట్టి వడ్డిస్తాం. అక్కర్లేని చోట భయపడుతున్నాం, భయపడాల్సిన చోట ధైర్యం చేస్తున్నాం. మొదటిది ఎదిగే పిల్లల పళ్లెంలోంచి మాంసకృత్తులు లాగేస్తుంది. రెండోది ప్రాణం మీదికి తెస్తుంది. ఈ రెండింటికీ మధ్య గీత ఎక్కడుందో చెప్పడానికే ఈ ప్రసంగం.

ఆహారపు అలర్జీ అంటే జీర్ణం కాకపోవడం కాదు, వేడి చేయడం కాదు, వాతం కాదు. మన ఒంట్లో క్రిములతో పోరాడే రక్షణ వ్యవస్థ, ఏ హానీ చేయని ఒక ఆహారపు మాంసకృత్తిని శత్రువుగా పొరబడి దాని మీద విరుచుకుపడటం. ఈ సంగతి ఎలా బయటపడిందో వింటే ఆశ్చర్యం వేస్తుంది. 1921లో, అప్పటి జర్మనీలోని బ్రెస్లావ్ నగరంలో కార్ల్ ప్రాస్నిట్జ్, హైంజ్ క్యూస్ట్నర్ అని ఇద్దరు వైద్యులు ఉండేవారు. క్యూస్ట్నర్‌కి వండిన చేప పడదు. ప్రాస్నిట్జ్ అతని రక్తం నుంచి సీరం తీసి తన చర్మంలోకే ఎక్కించుకున్నాడు. మర్నాడు అదే చోట చేప సారం ఎక్కించుకుంటే, చేప హాయిగా తినగలిగిన ప్రాస్నిట్జ్ చర్మం మీద కూడా దద్దురు లేచింది. అంటే అలర్జీకి కారణమైనదేదో రక్తంలోనే ఉంది, ఒకరి నుంచి ఇంకొకరికి మార్చవచ్చు కూడా. ఆ పదార్థం ఏమిటో తేలడానికి మరో నలభై అయిదేళ్లు పట్టింది. 1960ల రెండో సగంలో అమెరికాలో పనిచేస్తున్న ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో జొహాన్సన్, బెన్నిక్ వేర్వేరుగా దాన్ని పట్టుకున్నారు. దాన్నే ఇవాళ ఐజీఈ అంటున్నాం.

ఈ ఐజీఈ చేసే పని ఇది. ఒక పదార్థాన్ని రక్షణ వ్యవస్థ మొదటిసారి శత్రువుగా పొరబడినప్పుడు బయటికి ఏమీ కనిపించదు. లోపల మాత్రం ఆ పదార్థానికి సరిపోయే ఐజీఈ తయారై చర్మంలో, పేగుల్లో, ఊపిరితిత్తుల్లో ఉండే మాస్ట్ కణాలకు అంటుకుని కూర్చుంటుంది. తర్వాత ఎప్పుడో అదే పదార్థం ఒంట్లోకి రాగానే ఆ కణాలు పగిలినట్టయి హిస్టమిన్‌నూ మరికొన్ని రసాయనాలనూ గుమ్మరిస్తాయి. దురద, దద్దుర్లు, వాపు, వాంతులు, ఆయాసం అన్నీ వాటి పనే. అందుకే "ఇన్నేళ్లూ తిన్నాను కదా, ఇప్పుడెందుకు పడదు" అన్న వాదన ఇక్కడ చెల్లదు. నలభై ఏళ్లొచ్చాక రొయ్యలు పడకపోయే మనుషులున్నారు.

నిజమైన అలర్జీని గుర్తుపట్టడానికి గడియారం చాలా సాయం చేస్తుంది. తిన్న కొద్ది నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లోపు లక్షణాలు మొదలవుతాయి. అదే పదార్థం తిన్న ప్రతిసారీ దాదాపు అలాగే జరుగుతుంది. చిటికెడు తిన్నా రావచ్చు. పొద్దున ఇడ్లీలో పల్లీ చట్నీ తిని, మర్నాడు సాయంత్రం దద్దుర్లు వస్తే ఆ నేరం పల్లీలది కాకపోవచ్చు. పిల్లల్లో దద్దుర్లు చాలాసార్లు వైరస్ జ్వరాలతో వస్తాయి, వాటంతటవే పోతాయి. ఈలోగా ఆ వారంలో తిన్నవన్నీ దోషులవుతాయి. ఇక్కడ ఒక మినహాయింపు చెప్పాలి. పసిపిల్లల్లో ఐజీఈతో సంబంధం లేని పాల అలర్జీ ఒకటుంది. అందులో విరేచనంలో నెత్తురు చారలు, లేదా పాలు తాగిన గంటల తర్వాత ఆగని వాంతులు కనిపిస్తాయి. అది ఇంట్లో తేల్చుకునేది కాదు, పిల్లల డాక్టరుకు చూపించాల్సిందే.

ఇక అలర్జీ వేషంలో తిరిగేవి చాలా ఉన్నాయి. కంద, చేమదుంప తింటే గొంతు దురద పెడుతుంది. అందులో ఉండే కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు సూదుల్లాంటివి. అవి ఎవరికైనా గుచ్చుకుంటాయి. చింతపండు వేసి బాగా ఉడికిస్తే దురద తగ్గుతుందని మన ఆడవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. పాలు తాగితే కడుపు ఉబ్బరం, విరేచనాలు అయ్యేవాళ్లలో చాలామందికి పాలలోని చక్కెరను అరిగించే లాక్టేజ్ అనే ఎంజైము తక్కువ. అది అసౌకర్యమే కానీ ప్రాణం తీయదు. వాళ్లలో చాలామంది పెరుగు, మజ్జిగ హాయిగా తాగగలరు. పాలలోని మాంసకృత్తికి అలర్జీ ఉన్నవాడికి మజ్జిగ కూడా ముప్పే. ఈ తేడా తెలియక రెండింటినీ ఒకే గాటన కట్టేస్తున్నాం.

కోస్తా వాళ్లకు బాగా పనికొచ్చే ఉదాహరణ ఇంకొకటి. కానాగంతలు, సూర చేపలు పట్టిన వెంటనే ఐసులో పెట్టకపోతే వాటి కండలో బాక్టీరియా పెరిగి హిస్టమిన్‌ను తయారు చేస్తుంది. ఎంత వండినా ఆ హిస్టమిన్ పోదు. ఆ చేప తిన్న కాసేపటికి ముఖం ఎర్రబడుతుంది, తలనొప్పి, దద్దుర్లు, గుండె దడ వస్తాయి. చూడటానికి అచ్చం అలర్జీయే. కానీ ఒకే కూర తిన్న నలుగురికీ ఒకేసారి వస్తే అది చేప చెడిపోవడం వల్ల. వాళ్లు జన్మంతా చేప మానేయనక్కర్లేదు, చేపలు కొనే చోటు మార్చుకుంటే చాలు. మామిడికాయ సొన తగిలి మూతి పొక్కడం, జీడిపిక్కల పైతొక్కు నూనెకి పలాస కార్మికుల చేతులు పాడవడం కూడా చర్మానికి సంబంధించిన వేరే వ్యవహారాలు. జీడిపప్పు తింటే గొంతు వాచే అలర్జీ వేరు. అది గింజల అలర్జీలన్నిటిలో తీవ్రమైన వాటిలో ఒకటి. అది ఉన్నవాళ్లకు పిస్తా కూడా పడకపోవడం మామూలే.

మరి పరీక్షలు? ఇక్కడే చాలామంది తప్పుదారి పడుతున్నారు. మన పక్కనున్న కర్ణాటకలో పెద్దవాళ్ల మీద జరిగిన ఒక విస్తృత అధ్యయనం ఫలితాలు 2016లో వచ్చాయి. రక్తపరీక్షలో ఏదో ఒక ఆహారానికి ఐజీఈ కనిపించినవాళ్లు 26.5 శాతం. నిజంగా ఆహారపు అలర్జీ ఉందనదగినవాళ్లు 1.2 శాతం మాత్రమే. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. రక్తంలో ఐజీఈ ఉన్నంత మాత్రాన అలర్జీ ఉన్నట్టు కాదు. ఏ లక్షణాలూ లేని మనిషి ముప్పై, నలభై పదార్థాలకు ప్యాకేజీ పరీక్ష చేయించుకుంటే, అందులో నాలుగైదు పాజిటివ్ రావడం వింతేమీ కాదు. ఆ కాగితం పట్టుకుని పిల్లవాడికి గోధుమ, గుడ్డు, పాలు, కందిపప్పు అన్నీ ఆపేస్తే నష్టపోయేది పిల్లవాడు. ఐజీజీ పరీక్ష అని ఇంకొకటి అమ్ముతున్నారు. దాన్ని అలర్జీ నిపుణుల సంఘాలేవీ ఒప్పుకోవు. మనం రోజూ తినే తిండికి ఐజీజీ తయారవడం సహజం. అది మనం ఏం తింటున్నామో చెబుతుందంతే. దాని కోసం వేల రూపాయలు పోయొద్దు.

సరైన పరీక్ష, అంటే స్కిన్ ప్రిక్ టెస్ట్, ఎలా జరుగుతుందో చెబుతాను. ముంజేతి లోపలి వైపు పెన్నుతో వరసగా గుర్తులు పెడతారు. ఒక్కో గుర్తు పక్కన ఒక్కో పదార్థం సారం చుక్కగా వేస్తారు. వాటితో పాటు ఒక చుక్క హిస్టమిన్, ఒక చుక్క ఉప్పునీరు తప్పకుండా వేస్తారు. మొదటిది ఉబ్బి తీరాలి, రెండోది ఉబ్బకూడదు. అప్పుడే ఆ పరీక్షను నమ్మాలి. ఒక్కో చుక్కలోంచి సన్నని మొనతో చర్మాన్ని పైపైన గుచ్చుతారు. నెత్తురు రాదు, దోమ కుట్టినంత చురుక్కుమంటుంది. పావుగంట ఆగి ఉబ్బులను స్కేలుతో కొలుస్తారు. ఉప్పునీటి చుక్క కన్నా 3 మిల్లీమీటర్లు ఎక్కువుంటే పాజిటివ్. ముందు కొన్ని రోజులు సిట్రిజిన్ లాంటి అలర్జీ మాత్రలు మానకపోతే ఏదీ ఉబ్బదు, పరీక్ష వృథా. ఇంతా చేసి, ఈ పరీక్ష కూడా చివరి మాట కాదు. రోగి చెప్పే కథే ముఖ్యం. అనుమానం మిగిలితే ఆసుపత్రిలో, అన్ని మందులూ సిద్ధంగా పెట్టుకుని, డాక్టరు కళ్ల ముందు ఆ పదార్థాన్ని కొంచెం కొంచెంగా పెంచుతూ తినిపించి చూస్తారు. అంతకు మించిన పరీక్ష లేదు. దాన్ని ఇంట్లో ప్రయత్నించకూడదు.

పిల్లల విషయానికి వస్తే, వాళ్లలో ఎక్కువగా కనిపించేవి పాలు, గుడ్డు. ఊరట కలిగించే సంగతేమిటంటే ఈ రెండూ చాలామందికి పెద్దయ్యేసరికి పోతాయి. వేరుశనగ అలర్జీ అయిదుగురిలో ఒకరికి పోతుంది. చేపలు, రొయ్యలది సాధారణంగా ఉండిపోతుంది. ఆవుపాలు పడని బిడ్డకు మేకపాలు పట్టమని పెద్దవాళ్లు ప్రేమతో చెబుతారు. ఆవు, గేదె, మేక పాలలోని మాంసకృత్తులు దాదాపు ఒకే రకం. ఒకటి పడనివాళ్లలో ఎక్కువమందికి మిగతావీ పడవు. ఇంకొకటి, గుడ్డు పడని పిల్లలకు ఎంఎంఆర్ టీకా వేయించవచ్చు. అలర్జీ అన్న అనుమానంతో ఆ టీకా ఆపకండి.

వేరుశనగ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మన ఆలోచనను తలకిందులు చేసిన సంగతి ఇందులో ఉంది. 2000లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం, అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువున్న పిల్లలకు మూడేళ్ల దాకా వేరుశనగ పెట్టొద్దని సలహా ఇచ్చింది. కానీ అక్కడ వేరుశనగ అలర్జీ తగ్గలేదు, పెరుగుతూ పోయింది. లండన్‌లో గిడియన్ లాక్ అనే వైద్యుడి బృందం ఒక విషయం గమనించింది. బ్రిటన్‌లో ఉన్న యూదు పిల్లల్లో వేరుశనగ అలర్జీ, ఇజ్రాయెల్‌లో ఉన్న యూదు పిల్లల కన్నా దాదాపు పది రెట్లు ఎక్కువ. ఇజ్రాయెల్ తల్లులు పసివాళ్లకు పళ్లు రాకముందే నోట్లో కరిగిపోయే వేరుశనగ తినుబండారం పెడతారు. బ్రిటన్‌లో పెట్టరు. అప్పుడు ఆ బృందం తీవ్రమైన ఎగ్జిమా, అంటే చర్మం పొడిబారి పగిలే జబ్బు గానీ, గుడ్డు అలర్జీ గానీ ఉన్న 640 మంది పసిపిల్లలను తీసుకుంది. అందరూ 4 నుంచి 11 నెలల లోపువాళ్లు. సగంమందికి వేరుశనగ క్రమం తప్పకుండా పెట్టించారు, సగంమందికి అయిదేళ్లు వచ్చేదాకా పూర్తిగా మానిపించారు. 2015లో ఫలితాలు వచ్చాయి. మొదట్లో చర్మ పరీక్షలో ఏమీ కనిపించని పిల్లల్లో, వేరుశనగ మానినవాళ్లలో 13.7 శాతం మందికి అలర్జీ వస్తే, తిన్నవాళ్లలో 1.9 శాతం మందికే వచ్చింది. దాచిపెట్టడం కాపాడలేదు, తినిపించడమే కాపాడింది.

ఆరో నెలలో అన్నప్రాశన చేసే మన ఆచారం ఈ లెక్కకు బాగానే సరిపోతుంది. కానీ పాయసం నాకించి, ఆ తర్వాత ఏడాది దాకా పప్పునీళ్లు, అన్నం మెతుకులతోనే గడిపేస్తే ఉపయోగం లేదు. ఉడికించిన గుడ్డు మెత్తగా మెదిపి, వేయించిన పల్లీలు మెత్తని పొడి చేసి జావలోనో పెరుగులోనో కలిపి, ఒక్కొక్కటిగా, పగటిపూట, బిడ్డ బాగున్న రోజు మొదలుపెట్టాలి. పడినవాటిని వారంవారం పెడుతూనే ఉండాలి. గింజ గింజగా మాత్రం అయిదేళ్లలోపు పిల్లలకు ఇవ్వొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బిడ్డకు ఎగ్జిమా తీవ్రంగా ఉంటే పల్లీలు మొదలుపెట్టే ముందు డాక్టరును కలవండి. బాలింతలూ గర్భిణులూ ముందుజాగ్రత్త పేరుతో పాలు, గుడ్లు, పల్లీలు మానేస్తే బిడ్డకు ఒరిగేదేమీ లేదు. తల్లి నీరసించడం తప్ప.

తిండి నోటి ద్వారా వస్తే ఒళ్లు దాన్ని స్నేహంగా చూడటం నేర్చుకుంటుంది. పగిలిన చర్మం ద్వారా వస్తే శత్రువుగా చూస్తుంది. జపాన్‌లో దీనికి పెద్ద రుజువే దొరికింది. గోధుమ మాంసకృత్తిని ముక్కలు చేసి కలిపిన ఒక ముఖం సబ్బును లక్షలమంది వాడారు. వాళ్లలో రెండువేల మందికి పైగా, అంతకుముందు హాయిగా గోధుమ తిన్నవాళ్లకి, గోధుమ తింటే ఒళ్లు వాచే అలర్జీ వచ్చింది. 2011లో ఆ సబ్బును వెనక్కి తీసుకున్నారు. అందుకే నా సలహా, చర్మం పొడిబారి పగిలి, రసి కారే ఎగ్జిమా ఉన్న బిడ్డకు శనగపిండి, పెసరపిండి నలుగు పెట్టకండి. ఆరోగ్యంగా ఉన్న చర్మం సంగతి వేరు.

పెద్దవాళ్లలో కొత్తగా వచ్చే అలర్జీల్లో రొయ్యలు, పీతలు ముందుంటాయి. రొయ్యలో అలర్జీకి కారణమయ్యే ట్రోపోమయోసిన్ అనే మాంసకృత్తి బొద్దింకల్లో, ఇంటి దుమ్ములో ఉండే అతి సన్నని పురుగుల్లో కూడా దాదాపు అలాగే ఉంటుంది. వాటిని ఏళ్ల తరబడి పీల్చిన ఒళ్లు ఒకనాడు రొయ్యను చూసి అదే అనుకుంటుంది. మరొక రకం ఇంకా చిత్రంగా ఉంటుంది. చపాతీ తిని ఊరికే కూర్చుంటే ఏమీ కాదు. తిన్న గంటకో రెండు గంటలకో పరుగెత్తితే, బరువు పని చేస్తే ఒళ్లంతా దద్దుర్లు లేచి మనిషి పడిపోతాడు. నొప్పి మాత్రలు, మద్యం కూడా ఇలాంటి పనే చేయగలవు. ఏ కారణమూ దొరకని మూర్ఛలాంటివి వచ్చినప్పుడు, ముందు ఏం తిన్నారో, ఆ తర్వాత ఏం చేశారో కూడా డాక్టరుకు చెప్పండి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. దయచేసి కొంచెం శ్రద్ధగా వినండి. తిన్న కాసేపటికి దద్దుర్లతో పాటు గొంతు బిగుసుకుపోవడం, గొంతు మారిపోవడం, పిల్లికూతలు, ఆగని దగ్గు, మళ్లీ మళ్లీ వాంతులు, కళ్లు తిరగడం, పిల్లలైతే ఒక్కసారిగా వాడిపోయి వేలాడిపోవడం కనిపిస్తే అది అనాఫిలాక్సిస్. దద్దుర్లు లేకుండా కూడా రావచ్చు. దానికి మందు ఒక్కటే, అడ్రినలిన్. తొడ బయటి వైపు కండలోకి ఇవ్వాలి, ఆలస్యం లేకుండా ఇవ్వాలి. పెద్దవాళ్లకు అర మిల్లీగ్రాము, పిల్లలకు బరువును బట్టి. అయిదు నిమిషాల్లో తగ్గకపోతే ఇంకో మోతాదు. ఈ మందు ఖరీదైనది కాదు, మారుమూల ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కూడా ఉండాల్సినది. సిట్రిజిన్, అవిల్ దురదను తగ్గిస్తాయి. మూసుకుపోతున్న గొంతును తెరవలేవు, పడిపోతున్న బీపీని లేపలేవు. మాత్ర వేసి "చూద్దాం" అని కూర్చోవడంలోనే ప్రాణాలు పోతున్నాయి.

108కి ఫోన్ చేసి "తిండి పడక ఊపిరి ఆడటం లేదు" అని స్పష్టంగా చెప్పండి. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తు మీద ఉంచండి. ఆయాసంగా ఉంటే కాళ్లు చాపి కూర్చోనివ్వండి. వాంతులవుతుంటే పక్కకు తిప్పండి. లేపి నడిపించొద్దు. ఇద్దరి మధ్య బైకు మీద నిటారుగా కూర్చోబెట్టి తీసుకెళ్లడం మన ఊళ్లలో మామూలే. బీపీ పడిపోయిన మనిషిని అలా కూర్చోబెడితే గుండె ఆగిపోవచ్చు. ఆటోలోనైనా సరే, పడుకోబెట్టి తీసుకెళ్లండి. సూది వేశాక తేరుకున్నా వెంటనే ఇంటికి వచ్చేయకండి, కొన్ని గంటల తర్వాత మళ్లీ తిరగబెట్టవచ్చు. విదేశాల్లో ఉన్న మనవాళ్లు జేబులో పెన్నులాగా ఉండే అడ్రినలిన్ ఇంజెక్షన్ పెట్టుకుని తిరుగుతారు. మన దగ్గర అది తేలిగ్గా దొరకదు. ఒకసారి అనాఫిలాక్సిస్ వచ్చినవాళ్లు దాని బదులు ఏం దగ్గర పెట్టుకోవాలో, ఎలా వాడాలో తమ డాక్టరును అడిగి నేర్చుకోవాలి.

ఇక అలర్జీ ఉన్నవాడు బయట తినడం. పెళ్లి వంటశాలలో ఒక్కసారి నిలబడి చూడండి. కుర్మా చిక్కదనానికి జీడిపప్పు, గసగసాల ముద్ద. గుత్తివంకాయలో పల్లీలు, నువ్వులు. మిర్చీ కా సాలన్‌లోనూ అవే. రొయ్యలు వేయించిన మూకుట్లోనే తర్వాత వాయి ఆలూ బజ్జీలు. ఒకే గరిటె మూడు గిన్నెల్లో తిరుగుతుంది. వడ్డించే కుర్రాణ్ణి "ఇందులో జీడిపప్పు ఉందా" అని అడిగితే, అతనికి తెలియదు కాబట్టి "లేదండి" అంటాడు. తెలియకపోతే తెలియదనడమే పెద్ద మేలు.

ప్యాకెట్ మీద చదవడం అలవాటు చేసుకోండి. మన దేశంలో 2020 లేబుల్ నిబంధనల ప్రకారం గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, రొయ్యలు, పీతల జాతి, పాలు, గుడ్డు, చేప, వేరుశనగతో పాటు జీడిపప్పు, బాదంలాంటి గింజలు, సోయా, సల్ఫైట్లు ఉంటే విడిగా చెప్పి తీరాలి. నువ్వులు, ఆవాలు, శనగలు ఈ జాబితాలో లేవు. మన వంటింట్లో రోజూ ఉండే ఈ మూడూ కొందరికి తీవ్రమైన అలర్జీ తెస్తాయి. యూరప్ దేశాలు నువ్వులను, ఆవాలను జాబితాలో పెట్టుకున్నాయి. అమెరికా 2023 జనవరి నుంచి నువ్వులను చేర్చింది. బ్రిటన్‌లో 2016లో ఒక పదిహేనేళ్ల అమ్మాయి విమానాశ్రయంలో శాండ్‌విచ్ కొని తిని, పిండిలో నువ్వులున్నాయని ప్యాకెట్ మీద లేక ప్రాణం పోగొట్టుకుంది. ఆమె తల్లిదండ్రుల పోరాటంతో 2021 అక్టోబర్ నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనను అక్కడివాళ్లు ఆమె పేరుతోనే నటాషా చట్టం అంటారు. నువ్వులను మన జాబితాలోనూ చేర్చాలని నా గట్టి అభిప్రాయం.

చివరిగా బడి పంతుళ్లకు, అంగన్‌వాడీ టీచర్లకు ఒక విన్నపం. ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజనంతో గుడ్డు, పల్లీ చిక్కీ ఇస్తున్నారు. తెలంగాణ అంగన్‌వాడీల్లో ఇచ్చే బాలామృతంలో గోధుమ, శనగపప్పు, పాలపొడి ఉంటాయి. చాలామంది పిల్లలకు రోజు మొత్తంలో దక్కే మంచి తిండి అదే. బడి తెరిచిన మొదటి వారంలోనే ఏ బిడ్డకు ఏది పడదో తల్లిదండ్రులను అడిగి, ఆ పేర్లు వంటగది గోడకు అంటించండి. ఆ పిల్లలను "ఏం కాదులే, తిను" అని ఒక్క ముద్ద కూడా బలవంతం చేయకండి. అనుమానం తప్ప ఆధారం లేకపోతే ఆ బిడ్డను డాక్టరు దగ్గరికి పంపండి. ఆయన కాదని చెబితే, గుడ్డునూ చిక్కీనీ మర్నాడే ఆ బిడ్డ పళ్లెంలో పెట్టండి.